నీళ్లు పోయని రాయి

జయంతి జీపు దిగేసరికి రాయి మీద నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఫోన్లో వచ్చిన వీడియో చూసి, తాగే నీళ్లకే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఇంకెంతసేపు పోస్తారులే అని దారి పొడుగునా తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ వచ్చింది. ఎంతసేపేమిటి! అది ఆకాశం నుంచి పడిన మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ ఇంటికొక బిందె చొప్పున పోస్తూనే ఉన్నారట.

బెళుగుప్పకు పడమటగా, గాలిమరల వరస దాటి ఇంకా లోపలికి పోతే బూదగుట్టపల్లి. ఊరి మధ్య పాత రోటినొకదాన్ని బోర్లించి, దాని మీద కర్బూజా పండంత రాయిని కూర్చోబెట్టారు. పసుపు, కుంకుమ, మూడు వేళ్ల విభూతి, మెడే లేని దానికి కనకాంబరాల మాల. ప్లాస్టిక్ బిందెలు చంకన పెట్టుకుని ఆడవాళ్లు వరస కట్టి నిలబడ్డారు. ఒకావిడ బిందె ఎత్తి పోయగానే మిగతావాళ్లు "మళెరాయా, కన్ను తెరువప్పా!" అని కేక పెడుతున్నారు. కన్నడ దేశం పక్కనే కాబట్టి ఈ వైపు వానదేవుణ్ని మళెరాయుడంటారు.

గాలి ఇటు తిరిగింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు గుప్పున కొట్టింది. ఆడవాళ్లు చెరగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. జయంతి మాత్రం ఆ కంపు వైపే ఇంకో అడుగు వేసింది.

నాలుగేళ్లుగా ఆమె ఒకే ఒక ఖనిజం మీద పనిచేస్తోంది. ఓల్డ్‌హమైట్ దాని పేరు. కాల్షియమూ గంధకమూ కలిసి ఏర్పడేది. భూమ్మీది కొండల్లో ఎంత వెతికినా దొరకదు, ఇక్కడి గాలిలో ఉండే తేమకే అది ఓర్చుకోలేదు. ఆక్సిజన్ కరువైన చోట, సూర్యుడికి దగ్గరలో ఎక్కడో పుట్టిన కొన్ని తెల్లని ఉల్కల్లోనే ఉంటుంది. నీళ్లు తగిలితే కరిగిపోతుంది, కరుగుతూ ఈ కంపు వదులుతుంది. జయంతి ఇన్నాళ్లూ చూసినవన్నీ మ్యూజియం పెట్టెల్లో ఏళ్ల తరబడి మగ్గిన ముక్కలు. ఖనిజం ఉండాల్సిన చోట తుప్పులాంటి మరకో, ఖాళీ గుంటో. చెడని గింజ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కళ్లతో చూడాలని ఆమె ఆరాటం. ఆ గింజలు ఇదిగో ఈ రోటి మీద ఉన్నాయని ముక్కు చెబుతోంది. పోతున్నాయని కూడా అదే ముక్కు చెబుతోంది.

"నిలపండమ్మా, రోంతసేపు నిలపండి!" అంటూ పరుగున పోయి రాయికి అడ్డం నిలబడింది. ఎత్తిన బిందె ఆగలేదు, సగం నీళ్లు ఆమె నెత్తినే పడ్డాయి.

తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన మంచం మీంచి లేచొచ్చాడు. ఆ ఊళ్లో మంచికీ చెడ్డకీ ముందుండే ఈరప్ప ఆయనే.

"ఎవరు పాపా నువ్వు? యా ఊరు?"

"మడకశిర పక్క పెద్దనాయనా. ఉల్కల మీద చదువుతాండా. ఇట్ల నీళ్లు పోస్తే దీని లోపల ఉండేది కరిగిపోతాది. ఇంగ దొరకదు. మీకు దండం పెడతా, నిలపండి."

"కరిగితే కరగనీ. పోయిన నెల మట్టితో మళెరాయుని చేసి, నెత్తిన పెట్టుకోని ఇల్లిల్లూ తిప్పితిమి. ఇంటింటా నీళ్లు పోసిరి. ఆయప్ప కరిగిపాయ గానీ సుక్క రాల్లేదు. ఈతూరి రాతి మళెరాయుడే పైనించి దిగినాడు. ఇంగ ఇడుస్తామా?"

"వాన వచ్చేదాకా పోస్తూనే ఉంటారా?"

"శెనిక్కాయ ఊడలు దిగే టయం ఇది. నేల పెంకు మాదిరి ఉండాది. ఊడ యాడికి దిగల్ల? మడకశిర దానివి, నీకు నేను సెప్పల్లనా?"

చెప్పనక్కర్లేదు. వేరుశెనగకు పూత రాలాక కొమ్మ నుంచి ఊడ దిగి నేలలోకి గుచ్చుకుంటేనే కాయ. గుచ్చుకోకపోతే మొన మాడిపోతుంది, చెట్టు పశువులకు మేతవుతుంది. వాళ్ల నాయన చేను కూడా ఇవాళ ఇలాగే నోరు తెరుచుకుని ఉంది. జయంతి తడిసిన జుట్టు పిండుకుంటూ పక్కకు తప్పుకుంది. తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన మనిషి కూడా రాయికి ఫోటో తీసుకుని, కళ్లకద్దుకుని, "వాన పడినాక చూద్దాంలే" అని పోయాడట. ఇక ఎవరికి చెప్పుకోవాలి!

తప్పుకునే ముందు మాత్రం ఆమె ఒకటి చూసింది. రాయికి మూడు పక్కలా పల్చని గోధుమరంగు పెంకు, గాలిలో కాలి కరిగి గడ్డకట్టినది. నాలుగో పక్క పెంకు లేదు, తెల్లగా బల్లపరుపుగా ఉంది. అంటే నేల తాకే ముందు విరిగింది. విరిగిన రెండో ముక్క ఎక్కడో ఉంది. దానికింకా పసుపూ కుంకుమా అంటలేదు, బిందె నీళ్లూ అంటలేదు.

"ఇంకో ముక్క ఉండాది తిప్పేషూ!" అంది జీపు డ్రైవరుతో, గట్టిగానే. కళ్యాణదుర్గం నుంచి ఆమెను తీసుకొచ్చిన తిప్పేష్ మంచివాడే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ మధ్యాహ్నమంతా కాలుగాలిన పిల్లిలా చేలల్లో తిరిగింది. వేరుశెనగ సాళ్ల మధ్య వంగి వంగి నడుము పట్టేసింది. తెల్లగా కనబడిన ప్రతి పలుగురాయినీ తీసి చూసి విసిరేసింది. దాహమేసినా బాటిల్ మూత తీయబుద్ధి కాలేదు, ఎందుకో తెలియదు. సాయంత్రానికి పడమట మబ్బు కట్టింది. ముందు బూడిదరంగు, ఆ తర్వాత నేరేడుపండు రంగు. చేలల్లో కలుపు తీసేవాళ్లంతా నడుములు నిలబెట్టి నొసట చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నారు. ఒక ముసలమ్మ కొడవలి కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"వద్దు, ఇప్పుడొద్దు" అంది జయంతి పైకే.

అని, నాలుక కరుచుకుంది. ఆ ముక్క ఏ సాలులో పడి ఉందో, ఒక్క జల్లు పడితే చాలు, దాని పని సరి. అందుకని వానను వద్దంటుందా? ఈ సీమలో పుట్టి, ఈ మన్ను తిన్న మనిషి! ఇంతలో ఫోను మోగింది. నాయన.

"పాపా, ఆ పక్క మబ్బుండాదా?"

"ఉండాది నాయనా."

"ఆడ పడితే మనకూ వస్తాదిలే. మొక్కుకో తల్లీ, ఈ వారం దాటితే ఇంగ ఏమీ మిగల్దు."

జయంతి 'ఊ' అనాలనుకుంది. మబ్బు వైపే చూస్తూ ఉండిపోయింది. నాయన లైను పోయిందనుకుని పెట్టేశాడు. వాన రాకూడదని కోరుకునే మనిషి ఈ జిల్లా మొత్తానికి తనొక్కతే అయి ఉంటుంది. తన మీద తనకే రోత పుట్టింది. అయినా, చీకటి పడేలోపు గాలి లేచి మబ్బును తూర్పుకు తోసుకుపోతుంటే, ఊరంతా ఉసూరుమంటుంటే, ఆమె గుండె తేలిక పడింది. ఆ తేలికకే ఎక్కువ సిగ్గేసింది.

మర్నాడు పొద్దున బిందెల వరస దగ్గర ఆడవాళ్లు గొణుక్కుంటున్నారు. "అందరిండ్లవీ వచ్చె. మారెక్క ఇంటి బిందే రాల్యా. అందుకే మబ్బు వచ్చి వచ్చి పోయినాది." ఈరప్ప బీడీ నలుపుతూ, "దానికి కడుపుమంటలే. గొర్రె పోయినాదని సామి మీద అలిగినాది" అన్నాడు. నలుగురూ నవ్వారు.

గొర్రె సంగతి జయంతి వినడం అదే మొదలు. ఏ గొర్రె, ఎట్ల పోయింది అని అడిగితే, రాయి తగిలి అని ఎవరో తేలిగ్గా అనేశారు. ఆమె ఇక నిలబడలేదు.

మారెక్క దొడ్డి ఊరి చివర, కంచెకు తుమ్మకంప. ఆమె నేల మీద చతికిలబడి, ఒక గొర్రెను ఒళ్లోకి వాల్చుకుని, డెక్క సందులో దిగిన పల్లేరు ముల్లును పిన్నీసుతో తీస్తోంది. గొర్రె తన్నుకుంటోంది. జయంతి ఏమీ అడక్కుండా కూర్చుని దాని వెనక కాళ్లు రెండూ ఒడిసి పట్టుకుంది. మారెక్క ఒకసారి ఆమె చేతుల వైపు చూసి, మళ్లీ ముల్లు పనిలో పడింది.

"ఆ సాయంత్రం నీ గొర్రె ఏ పక్క నిలబడిండె అక్కా?"

మారెక్క చెయ్యి ఆగింది. "ఇన్నాళ్లకు ఒకరు అడిగితిరి నా గొర్రెను."

జయంతి తల దించుకుంది. ఆమె అడిగింది గొర్రెను కాదు. రాయి ఎటు నుంచి వచ్చిందో, విరిగిన ముక్క ఎటు పోయి ఉంటుందో లెక్క కట్టడానికి అడిగింది. ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది.

"అదో, ఆ తొట్టి కాడ. పగలంతా మేసి వచ్చి నీళ్లకు మూతి పెట్టబోతాండె. సూడిది, నెల తిరిగితే ఈనేది. పిడుగు మాదిరి ఢామ్మని సప్పుడైనాది. మిగిలినవన్నీ బెదిరి కంప తొక్కుకోని పాయ. ఇది ఆడనే కూలిపాయ. మూతి నీళ్లకు అందనే లేదు."

"పేరుండాదా దానికి?" ఈ మాట మాత్రం లెక్క కోసం కాదు, దానంతటదే వచ్చింది.

"బొల్లి."

ముల్లు బయటికొచ్చింది. మారెక్క గాయం మీద పసుపు అద్ది గొర్రెను వదిలింది. అది కుంటుకుంటూ పోయి మందలో కలిసింది.

"ఊరంతా ఉరికి వచ్చిరి. రాయిని సూసిరి, ఎత్తుకోనిరి, ముద్దులు పెట్టిరి. గొర్రెను ఒకరు సూస్తే ఒట్టు. 'సామి తన బలి తనే తీసుకున్నాడు' అనె ఈరప్ప. నా వాకిట్లోనే కోసి ఇంటికో పాలు పంచుకోనిరి. నాకూ ఒక పాలు పంపినారు పాపా, ఆకులో కట్టి, పెసాదమని. నా బొల్లిని నాకే పెసాదం!" ఆమె వేపచెట్టు వైపు చెయ్యి చూపింది. "యాప మాను కింద పూడ్సినా. కడుపులో పిల్లను ఏం జేసిరో నేను అడగలేదు, వాళ్లు సెప్పలేదు."

అట్లాంటప్పుడు కూడా తన కళ్లు తొట్టి చుట్టూ తెల్లని పెంకుల కోసం వెతుకుతున్నాయని తెలిసి, జయంతి బలవంతాన వాటిని తిప్పుకుంది.

"ఆ రాయి నీకు దొరికితే ఏం జేస్తావు? గుడి కడతావా?" అంది మారెక్క.

"లేదక్కా. కోస్తాం."

"కోస్తారా?"

"రంపంతో. అప్పడం మాదిరి పల్చగా కోసి, వెలుతురు అవతలికి కనపడేదాకా అరగదీస్తాం. రోంత పొడికొట్టి యాసిడ్‌లో కూడా వేస్తాం."

మారెక్క ఆమె మొహంలోకి చూసింది. నిజం చెబుతోందా, బుజ్జగిస్తోందా అన్నట్టు. ఆపైన చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, "లోపలికి రా" అంది.

గుడిసె మూలన కుండల వరస. అనపగింజలు విత్తనానికి దాచే కుండలవి. గింజల్లో బూడిద కలిపి, మూతి మీద చిప్ప పెట్టి పేడతో మెత్తుతారు, పురుగూ చెమ్మా చేరకుండా. వాటిల్లో చివరిదానికి మెత్తిన పేడ ఇంకా కొత్తది. మారెక్క కొడవలి మొనతో దాన్ని గీరి చిప్ప లేపింది. లోపల గింజలు లేవు, అంచుదాకా పొయ్యి బూడిదే.

"నీళ్లకు పోతాండే దాన్ని సంపింది ఈ ముండాకొడుకే. ఊరంతా పెద్ద రాయి కాడ మూగినప్పుడు వీన్ని కొంగులో దాసినా. వీనికీ సుక్క నీళ్లు అందగూడదు. దప్పికతో నాలిక పీక్కోని సావల్లని బూడిదలో పూడ్సినా. ఊరంతా వాని జోడు నెత్తిన బిందెలు పోస్తాంటే, వీడు ఈడ ఎండుకోని పడుండాడు."

జయంతి చేతికి తొడుగులు వేసుకుంది. బూడిదలోకి చెయ్యి పెట్టి పిడికెడంత ముక్కను పైకి తీసింది. బూడిద ఊదింది. విరిగిన పక్క కొబ్బరి ముక్కంత తెలుపు. ఆ తెలుపులో అక్కడక్కడా పెసరగింజంత గోధుమరంగు గింజలు తళుక్కుమన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఏ వాసనా లేదు. మళ్లీ పీల్చింది. ఏమీ లేదు. పొయ్యి బూడిద వాసన తప్ప ఏమీ లేదు.

భక్తితో ఊరు పాడు చేసినదాన్ని, పగతో ఈమె కాపాడింది. జయంతి ఆ కుండ పక్కనే కూర్చుని భోరున ఏడ్చేసింది.

"ఏంటికి పాపా ఏడుస్తావు? తీసకపో. కోసేటప్పుడు మాత్రం నాకు ఫోన్ చెయ్యల్ల. వీడు కోయించుకునే సప్పుడు నేను ఇనల్ల."

"చేస్తానక్కా. ఒట్టు."

రొట్టె విరిగి నేతిలో పడిందనుకుంటూ ఆమె ముక్కను రేకు కాగితాల్లో చుట్టి, గాలి దూరని సంచిలో వేసి మూసి, డబ్బాలో పెట్టుకుని జీపెక్కింది. కానీ జీపు ఊరి మధ్యకు వచ్చేసరికి దారికి అడ్డంగా మంచాలు వేసి ఉన్నాయి. తిప్పేష్ పొద్దున్నే టీకొట్టు దగ్గర తన తెలివంతా ప్రదర్శించాడు మరి. సామికి జోడు ముక్క ఉందని ఊరంతా తెలిసిపోయింది.

"ఒక సామికే పోస్తాంటే వాన ఎట్లొస్తాది?" అన్నాడు ఈరప్ప జీపు కిటికీలోకి వంగి. "రెండో సామి యాడో ఈ ఊర్లోనే ఉండాడు. అన్ని ఇండ్లూ ఎతుకుతాండాం. నీ డబ్బాలు కూడా ఇప్పి సూపీ పాపా."

"ఇవి మిషన్లు పెద్దనాయనా."

"మిషన్లయితే సూస్తే అరిగిపోతాయా?"

జీపు చుట్టూ జనం చేరారు. జయంతి ఒళ్లోని డబ్బాను రెండు చేతులా అదిమి పట్టుకుంది. దొరికితే ముందు దీని మీద బిందె పడుతుంది. ఆ వెంటనే, ఎవరింట్లో దొరికిందని అడుగుతారు. వానను కుండలో పెట్టి మూసిందని మారెక్కను ఈ ఊళ్లో బతకనిస్తారా? ఈరప్ప చెయ్యి డబ్బా మూత మీద పడింది.

"మారెక్క వస్తాండాది! బిందె తెస్తాండాది!"

ఎవరో అరిచిన అరుపుకు అందరి తలలూ అటు తిరిగాయి. దొడ్డి వైపు నుంచి మారెక్క నడిచొస్తోంది. నెత్తిన సత్తు బిందె. చెయ్యి పట్టకుండా, ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా రోటి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈరప్ప మామా! జోడు జోడని ఊరికే ఎతకొద్దండి. నా గొర్రెకు తగిలింది పొడి పొడి అయిపాయ, మన్నులో కలిసిపాయ. నా కండ్లతో నేను సూసినా. మా ఇంటి బిందె రాలేదు, అందుకే వాన రాలేదు. తప్పు నాది. ఇదో తెచ్చినా, సూడండి అందరూ."

ఈరప్ప కిటికీ వదిలేశాడు. జనమంతా రోటి చుట్టూ మూగారు. తిప్పేష్ గబగబా దిగి మంచాలు పక్కకు లాగాడు. కదిలే జీపులోంచి జయంతి వెనక్కి తిరిగి చూసింది. మారెక్క బిందె రెండు చేతులా ఎత్తి, తన గొర్రెను చంపినవాడి తోడబుట్టినవాడి నెత్తిన నీళ్లు పోస్తోంది. పెదవులు బిగబట్టుకుని, కడదాకా, ఒక్క చుక్క మిగల్చకుండా పోస్తోంది. ఇంక వాన రాకపోతే ఆ ఊరు ఎవరి పేరు ఎత్తుతుందో జయంతికి అర్థమైంది.

ల్యాబుకు చేరాక కూడా ఆమెకు నిద్ర పట్టలేదు. ముక్క పొడిగా, భద్రంగా గాజుపెట్టెలో ఉంది. అయినా రోజూ లేవగానే ఫోన్లో వాతావరణం చూసేది. బెళుగుప్ప పక్క ఎండ బొమ్మే. మడకశిర పక్కా ఎండ బొమ్మే. మొన్న వానొద్దని మొక్కినదే, ఇప్పుడు రమ్మని పోరుపెడుతోంది.

కోసే రోజు వచ్చింది. మామూలు రాళ్లకు రంపం వేడెక్కకుండా నీళ్లు చల్లుతారు, దీనికి చల్లకూడదు. వజ్రపు పొడి అద్దిన సన్నని తీగతో, గాజుపెట్టె లోపలే, పొడిగా, మెల్లగా కోయాలి. ఆమె గైడు వేణుగోపాల్ సార్ స్వయంగా వచ్చి పక్కన నిలబడ్డారు. నాలుగేళ్లలో ఆయన మొహం అంత వెలగడం జయంతి చూడలేదు.

"ఒక్క నిమిషం సార్, ఫోన్ చెయ్యాలి."

"ఇప్పుడా? ఎవరికమ్మా?"

"ఈ రాయి గలావిడకి."

మిషన్ తిరగడం మొదలైంది. జయంతి ఫోనును గాజుపెట్టెకు ఆనించి పట్టుకుంది. తీగ రాతిలోకి దిగుతుంటే పళ్లు జిల్లుమనే కీచు. అవతల మారెక్క ఊపిరి వినిపిస్తోంది. దాని వెనక ఇంకేదో జోరుగా హోరు, సిగ్నల్ బాగాలేదేమో అనుకుంది.

"అరుస్తాండాదా పాపా?"

"అరుస్తాండాది అక్కా. ఇను."

చాలాసేపు విన్నది మారెక్క. కడకు అంది, "నా బొల్లి అరవను కూడా అరవలేదు."

ముక్క రెండుగా విడిపోయింది. వేణుగోపాల్ సార్ భూతద్దం పెట్టుకుని వంగి, "ఉన్నాయి జయంతీ, ఉన్నాయి!" అని చిన్నపిల్లాడిలా కేకేశారు. జయంతి అటు చూడలేదు. ఫోనులోని హోరు ఏమిటో అప్పుడు తెలిసింది.

"అక్కా, ఆ సప్పుడేంది? వానా?"

"వానే. తెల్లారినప్పటి నుంచి దంచుతాండాది. నిన్నటిదాకా నన్ను తిట్టని నోరు లేదు. ఇప్పుడు అంతా నా బిందెతోనే వచ్చినాదంట. ఈరప్ప పూలదండ తెచ్చినాడు. నవ్వల్లనో ఏడ్వల్లనో తెలీదు." ఆగింది. వాన వినిపించింది. జయంతి ఈసారి వద్దనలేదు, కళ్లు మూసుకుని విన్నది. "పాపా, కోసేస్తిరి కదా. ఇంగ సాలు. వానికి రోంత నీళ్లు తాపు."

ఆ రాయికి చేయకూడని పని ఏదైనా ఉంటే అదొక్కటే. వద్దక్కా అనడానికి జయంతి నోరు తెరిచింది. నేరేడురంగు మబ్బూ, తొట్టి నీళ్లకు అందని ఆ మూతీ గుర్తొచ్చాయి. గాజుపెట్టె పక్క పళ్లెంలో బూడిద అంటిన పెంకు ముక్క ఒకటి ఉంది, గోరంత, చదువుకు పనికిరాదని కోసి తీసేసినది. దాన్ని పట్టకారుతో ఎత్తి, దూరంగా కిటికీ దగ్గర పెట్టింది. తన బాటిల్ మూత తీసి, వేలు తడిపి, దాని మీద ఒక చుక్క వేసింది.

కుళ్లిన కోడిగుడ్డు కంపు సన్నగా లేచింది.

"ఏంటమ్మా అది? ఏం చేస్తున్నావక్కడ?" వేణుగోపాల్ సార్ ముక్కు మూసుకుంటూ తిరిగారు.

జయంతి ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"తాగుతాండాది అక్కా" అంది.